నరానికి నీ తొందర పట్టదు నాయనా

ఏం నాయనా, కుర్చీలోంచి లేవడానికి కూడా ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తోందట? పిర్రలో మొదలై, తొడ వెనక నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా జివ్వుమని లాగుతోందట. తుమ్మొస్తే ప్రాణం పోతోందట. మీ అమ్మ ఫోన్లో అన్నీ చెప్పింది. ఈ పది రోజుల్లో నువ్వు చేసిన ఘనకార్యాలు కూడా చెప్పింది. మూడు సూదులు, ఒక ఎమ్మారై, ఒక బెల్టు, ఎవరో పంపిన తైలం, యూట్యూబులో చూసి చేసిన ఆసనాలు. ఇప్పుడు ఏకంగా "ఆపరేషన్ చేయించేసుకుంటే ఒక పనైపోతుంది" అంటున్నావట.

నిన్ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. సెలవులు లేవు, ఈఎమ్ఐ ఆగదు, చంటిదాన్ని ఎత్తుకోవాలి. తొందరగా తగ్గాలని ఎవరికుండదు? కానీ నేను ఎముకల వార్డులో నర్సుగా ఏళ్ళ తరబడి డ్యూటీ చేసినదాన్ని. నీలాంటి పిల్లల్ని ఎంతమందినో చూశాను. ఈ జబ్బులో మీరంతా ఆగాల్సిన చోట పరిగెడతారు, పరిగెత్తాల్సిన చోట "చూద్దాంలే" అంటారు. రెండూ తారుమారు. ఆ తారుమారు సరిచేద్దామనే ఈ నాలుగు మాటలు.

ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకో. నడుము కింది భాగంలో వెన్నులోంచి ఐదు నరాల వేర్లు బయటికొచ్చి, కలిసి ఒక్క పెద్ద నరమవుతాయి. ఒంట్లో అంతకంటే లావైన నరం ఇంకోటి లేదు, దాదాపు వేలంత ఉంటుంది. అదే సయాటిక్ నరం, దాని పేరు మీదే నీ జబ్బుని సయాటికా అంటారు. పిర్ర లోపలి నుంచి తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర చీలి, పాదం దాకా పోతుంది. అందుకే గొడవ నడుములో అయితే, ఏడుపు కాలిది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుని పూర్ణం బూరె అనుకో. పైన తోపు, లోపల మెత్తని పూర్ణం. తోపు ఎక్కడో పలచబడి చిట్లితే పూర్ణం బయటికొస్తుంది, మూకుట్లో చిటపటలు మొదలవుతాయి. డిస్కు లోపలి పదార్థం కూడా అలాగే బయటికొచ్చి పక్కనున్న నరం వేరుని నొక్కుతుంది. నొక్కడంతో పోదు, అది తగిలిన చోట నరం వాచి మండిపోతుంది. నీ కాలి మంటలో సగం ఆ వాపుదే. నడుములో కింద ఉండే రెండు డిస్కుల దగ్గరే ఇది ఎక్కువ. రిపోర్టులో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసి ఉంటుంది చూడు, అవే.

ఇప్పుడు అసలు మాట. బయటికొచ్చిన ఆ ముక్కని చాలామందిలో ఒళ్ళే శుభ్రం చేసుకుంటుంది. రక్తంలోని కణాలు దాన్ని పరాయి వస్తువుగా చూసి, మెల్లమెల్లగా తినేస్తాయి. వింతేమిటంటే చిన్న ఉబ్బు కన్నా పూర్తిగా ఊడి బయటపడ్డ పెద్ద ముక్కే ఎక్కువసార్లు కరిగిపోతుంది. వాపూ తగ్గుతుంది. దీనికి ఆరు వారాలు పట్టొచ్చు, పన్నెండు వారాలు పట్టొచ్చు. పది రోజులు మాత్రం చాలవు నాయనా. నువ్వు పది రోజులకే "ఏ మందూ పనిచెయ్యలేదు" అని తేల్చేశావు. పనిచెయ్యాల్సిన మందు రోజులే, వాటిని నువ్వింకా వేసుకోలేదు.

రోజులు గడవాలన్నాను కదా అని మంచమెక్కి కూర్చోకు. అదింకో పొరపాటు. మేం డ్యూటీలో చేరిన కొత్తల్లో సయాటికా అనగానే మంచానికి కట్టేసేవాళ్ళు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, కాలికి పట్టీ చుట్టి, దానికి కప్పీ మీదుగా బరువులు వేలాడదీసేవాళ్ళు. రోగి వారాల తరబడి అలాగే వెల్లకిలా పడుకునేవాడు. మలమూత్రాలకి కూడా లేవనిచ్చేవాళ్ళు కాదు. చివరికి నొప్పి తగ్గి లేస్తే నడవడానికి తొడల్లో సత్తువ ఉండేది కాదు. తర్వాత 1999లో నెదర్లాండ్స్ డాక్టర్లు 183 మందిని తీసుకుని, సగం మందిని రెండు వారాలు పడుకోబెట్టారు, సగం మందిని ఓపినంత మేర తిరగమన్నారు. పన్నెండు వారాలకి చూస్తే రెండు జట్ల లోనూ నూటికి ఎనభై ఏడు మందికి తగ్గింది. పడుకున్నవాళ్ళు అదనంగా బావుకున్నదేమీ లేదు. ఇప్పుడు ఇంగ్లండులో ప్రభుత్వం డాక్టర్లకిచ్చిన మార్గదర్శకాల్లో ఆ బరువులు కట్టే వైద్యమూ వద్దన్నారు, నువ్వు కొన్న బెల్టూ వద్దన్నారు. బెల్టు కట్టుకుంటే ధైర్యంగా ఉంటుందంటావా, బస్సు ప్రయాణానికి కట్టుకో. ఇంట్లో కూడా పొద్దస్తమానం కట్టుకు తిరిగితే నడుం కండరాలకి బద్ధకం పడుతుంది.

కాబట్టి నడు. నొప్పి భరించరానిదైన మొదటి రెండు మూడు రోజులు పడుకో, కాదనను. ఆ తర్వాత వరండాలో ఐదు నిమిషాలు, కాసేపు ఆగి మళ్ళీ ఐదు నిమిషాలు. ఇవాళ వీధి చివరి దాకా, వారం పోయాక గుడి దాకా. నడుస్తుంటే ఒక గుర్తు పట్టి చూసుకో. పాదంలో ఉన్న నొప్పి పిక్కలోకి, పిక్కలోది తొడలోకి, తొడలోది నడుములోకి వెనక్కి తగ్గుతుంటే అది మంచి శకునం. నడుములో కాస్త ఎక్కువైనా కంగారు పడకు, కాలు ఖాళీ అవుతోందంటే నరం కుదుటపడుతోందన్నమాట. ఏ ఆసనమో, ఏ కసరత్తో చేస్తే నొప్పి ఇంకా కిందికి పాకిందా, అది ఎంత గొప్ప గురువు చెప్పినదైనా నీకు కాదు, మానెయ్. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళమనేది ఇందుకే. ఒకరికి వెనక్కి వంగితే హాయి, ఇంకొకరికి ముందుకు వంగితే హాయి. అది నిన్ను నిలబెట్టి, పడుకోబెట్టి, కాలెత్తించి చూసినవాళ్ళకి తెలుస్తుంది గానీ వీడియోలో మాట్లాడేవాడికి ఎలా తెలుస్తుంది?

మంచం మీంచి లేచేటప్పుడు కడుపు బిగబట్టి నిటారుగా లేవకు. మీ నాయనమ్మ "పక్కకి తిరిగి లేవరా" అనేది గుర్తుందా? ఎందుకనేదో ఆవిడకే తెలియాలి గానీ నడుముకి మాత్రం అదే మందు. మోకాళ్ళు ముడుచుకో, ఒళ్ళంతా ఒక్కసారే పక్కకి ఒత్తిగిలు, కాళ్ళు మంచం కిందికి జారవిడుస్తూ మోచెయ్యి ఊని లే. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద ఒక దిండు. కటిక నేల మీద పడుకుంటేనే నడుము బాగుపడుతుందనే మాట నమ్మి నడివయసువాళ్ళు చలికాలంలో బిగుసుకుపోవడం నేను చూశాను. మరీ మెత్తగా కుంగిపోకుండా, మరీ బండలా లేకుండా ఉన్న పరుపు చాలు. ముక్కి దొడ్డికి వెళ్ళాల్సి వస్తే నొప్పి రెండింతలు అవుతుంది. ఆకుకూరలు తిను, నీళ్ళు తాగు. కొన్నాళ్ళు కింద పీట మీద కూర్చోకు, బాసింపట్టు వెయ్యకు.

ఎమ్మారై సంగతి. ఎవరూ రాయకుండానే ల్యాబుకి పోయి తీయించుకున్నావు. రిపోర్టులో "బల్జ్", "డీజెనరేషన్" అని చూసి ఆ రాత్రి నిద్రపోలేదట. అసలు నొప్పే లేనివాళ్ళకి స్కానింగ్ తీసినా, ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి ముప్పై మందికి, ముప్పై ఏళ్ళవాళ్ళలో నలభై మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. నొప్పి లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లని 2015లో ఒకచోట చేర్చి లెక్కేసి చెప్పిన మాట ఇది. అంటే తలలో తెల్లవెంట్రుక కనిపించినంత మామూలు సంగతి. కాలెత్తించి చూసి, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూసి, బొటనవేలు పైకెత్తమని చూసి, డాక్టరు అనుమానించిన నరమూ స్కాన్‌లో నొక్కుకున్న నరమూ ఒకటే అయితేనే ఆ కాగితానికి విలువ. ఆరు వారాలకీ తగ్గకపోతేనో, సూది మందో ఆపరేషనో ఆలోచించేటప్పుడో తీయాల్సినది అది. ప్రమాద సూచన ఉంటే మాత్రం అదే రోజు తీయాలి. ఆ సూచనలు తర్వాత చెప్తాను, అవి గట్టిగా గుర్తు పెట్టుకో.

ఆ సూదుల గురించి ఒక మాట. సందు చివర ఆరెంపీ దగ్గర నిలబడి పిర్రకి నొప్పి సూది పొడిపించుకున్నావు. ఆ నరం పోయేదే పిర్ర మధ్య నుంచి! సూది పైభాగంలో బయటి వైపు పొడవాలి. తొందరలో కిందికో మధ్యకో పొడిస్తే లేని సయాటికా వస్తుంది, పాదమే చచ్చుబడిపోవచ్చు. మా వార్డుకి అలా వచ్చిన పసిపిల్లలు కూడా ఉన్నారు. ఇక ఆ సూదిలో ఉండే డైక్లోఫెనాక్ సామాన్యమైనది కాదు. పశువులకిచ్చిన ఆ మందు కళేబరాల ద్వారా ఒంట్లో చేరి, మూత్రపిండాలు చెడి రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోతే, 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశంలో నిషేధించారు. మనుషులకి ఆ మోతాదులో అంత ప్రమాదం లేదు, నిజమే. కానీ డాక్టరు చెప్పిన వారం రోజులు వాడటం వేరు, మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగడం వేరు. కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీలు, మూడింటికీ దెబ్బే. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్ళయితే, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే, షుగరూ బీపీ ఉంటే, నొప్పి బిళ్ళ ముట్టుకునే ముందు క్రియాటినిన్ చూపించుకోవాలి.

నరాల బిళ్ళ అని ఇంకోటి రాస్తారు, ప్రిగాబలిన్. దాన్నేమో అందరూ నరానికి బలం ఇచ్చే టానిక్కు అనుకుంటారు. 2017లో ఆస్ట్రేలియాలో సయాటికా ఉన్న 209 మందిలో సగం మందికి అది, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూస్తే కాలి నొప్పిలో తేడా ఏమీ లేదు, తల తిరగడం మాత్రం దాంతోనే ఎక్కువ. నువ్వేమో అది వేసుకుని పొద్దున్నే బండి మీద ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో పోతున్నావు. ఇప్పటికే వాడుతుంటే చటుక్కున మానెయ్యకు, అదీ మంచిది కాదు. రాసిన డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకో. ఎవరో ఇచ్చిన పొట్లాల పొడి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, నెలకి మొహం గుండ్రంగా ఉబ్బిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించు.

మీ మావయ్య ఎవరో ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని తీసుకొచ్చి నడుం మీద తన్నించమన్నాడట. మామూలుగా నడుం పట్టేసినప్పుడు పల్లెల్లో చేసేదే, ఒక్కోసారి కండరం వదిలి నవ్వుకుంటూ లేచినవాళ్ళూ ఉన్నారు. కానీ డిస్కు చిట్లి నరం మీద కూర్చున్నప్పుడు కాలితో తన్నినా, మోకాలు పెట్టి విరిచినా ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. మావయ్యకి దణ్ణం పెట్టి కాఫీ ఇచ్చి పంపించెయ్. వేడి కాపడం పెట్టుకో, అడ్డు లేదు. తైలం మెల్లగా రాయించుకో, అందులో సగం మందు మీ ఆవిడ చేతిదే. ఆయుర్వేదంలో ఈ జబ్బుని గృధ్రసి అంటారు, నడుం మీద పిండి కట్టు కట్టి గోరువెచ్చని నూనె నిలిపే కటివస్తి చేస్తారు. చదువుకున్న వైద్యుడి దగ్గర చేయించుకుంటే హాయిగానే ఉంటుంది. ఆరు వారాలు ఓపిగ్గా గడపడానికి ఏది సాయం చేసినా మంచిదే, నరాన్ని గుంజనంత వరకు.

ఆరు వారాలైంది, తగ్గలేదు, రాత్రి నిద్ర లేదు. అప్పుడు నరం వేరు పక్కన వాపు తగ్గే సూది ఉంది, ఎపిడ్యూరల్ అంటారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఇస్తారు. కొందరికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది, ఆ ఊరటలో నడకా కసరత్తూ సాగితే గండం గట్టెక్కుతుంది. డిస్కుని అది బాగుచెయ్యదు. షుగరు ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగరు పెరుగుతుందని ముందే తెలిసుండాలి.

ఇక నువ్వు తొందరపడుతున్న ఆపరేషన్. అది చెడ్డదని నేననను. చిన్న కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, నరం మీది ముక్కని తీసేస్తారు. సరైన మనిషికి చేస్తే మర్నాడే కాలి నొప్పి పోయి ఆనందంతో ఏడ్చినవాళ్ళని చూశాను. నెదర్లాండ్స్ లోనే ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రంగా బాధపడుతున్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్, ఇంకో జట్టుకి మందులూ కసరత్తూ, తప్పకపోతేనే కత్తి. 2007లో ఫలితం చెప్పారు. కోయించుకున్నవాళ్ళలో సగం మంది నాలుగు వారాల్లో కోలుకున్నారు, ఆగినవాళ్ళలో సగం మందికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాదికి చూస్తే రెండు జట్లూ ఒకటే, నూటికి తొంభై అయిదు మంది బాగున్నారు. ఆగిన జట్టులో నూటికి ముప్పై తొమ్మిది మంది ఆగలేక తర్వాత కోయించుకున్నారు, అదీ దాచను. అంటే నువ్వు ఆపరేషన్‌తో కొనుక్కునేది రెండు నెలల సమయం. దాని ఖరీదు డబ్బు, కోత, మత్తు, కొద్దిమందికి ముక్క మళ్ళీ జారడం. ఆ రెండు నెలలు నీకంత విలువైనవే అయితే చేయించుకో, అది కూడా బుద్ధిగల నిర్ణయమే. పది రోజులకే చేయించుకోకు, అంతే నేననేది. నడుం నొప్పి కోసం కూడా చేయించుకోకు, అది కాలి నొప్పికి చేసే ఆపరేషన్. ఇద్దరు డాక్టర్లని అడుగు, రెండోవాళ్ళు మొదటివాళ్ళ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు కాకుండా చూసుకో.

ఇన్ని చోట్ల ఆగమన్నాను. ఇప్పుడు పరిగెత్తాల్సిన చోటు చెప్తున్నాను, ఫోన్ పక్కన పెట్టి విను.

నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోతోందా, నీకు తెలియకుండానే? హవాయి చెప్పు మెట్టు మీద ఊడి వెనకపడిపోతే చెప్పు పాతదైందని కొత్త జత కొనుక్కున్నాడొకాయన. పాదం పైకెత్తే బలం పోతోందని నెల తర్వాత గానీ గ్రహించలేదు. ఇంట్లో ఓసారి మడమల మీద నాలుగడుగులు నడిచి చూడు, బొటనవేలు పైకెత్తి చూడు. రెండు కాళ్ళకీ తేడా కనిపిస్తే ఆ వారమే సర్జన్ దగ్గర ఉండాలి, బలం రోజురోజుకీ తగ్గుతుంటే ఆ రోజే. ఇంకోటి దీనికన్నా పెద్దది. మూత్రం వచ్చినట్టుండి రాకపోయినా, తెలియకుండా పోయినా, తుడుచుకునేటప్పుడు మర్మస్థానం చుట్టూ మొద్దుబారినట్టనిపించినా, రెండు కాళ్ళకీ నొప్పి పాకినా, అది అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకే వెళ్ళాలి. వెన్ను చివరి నరాల కట్ట మొత్తం నలిగిపోతోందని దానర్థం. రెండు రోజుల లోపే, ఎంత ముందైతే అంత మంచిది, ఆపరేషన్ పడాలి. లేకపోతే జీవితాంతం గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాల్సిన గతి పడుతుంది. ఈ మాటలు ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి రెండు రోజులు దాచినవాళ్ళని చూశాను. పెళ్ళాంతో చెప్పలేకపోతే డాక్టరుతో చెప్పు, డాక్టరుతోనూ చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి. జ్వరంతో పాటు నడుం నొప్పి వచ్చినా, అనుకోకుండా ఒళ్ళు తగ్గిపోతున్నా అదీ ఊరుకునేది కాదు. మన దేశంలో వెన్నుకి టీబీ వస్తుందని మర్చిపోకు.

మీ అమ్మ సంగతి కూడా ఒకటుంది. నీ గొడవలో పడి తన గొడవ నీకు చెప్పలేదు. బజారుకి వెళ్తే నాలుగు దుకాణాలు దాటేసరికి రెండు కాళ్ళూ బరువెక్కిపోతున్నాయట, అరుగు కనిపిస్తే కూర్చుంటోందట, కూర్చోగానే సర్దుకుంటోందట. సూపర్ మార్కెట్లో తోపుడు బండి మీద వంగి నడిస్తే మాత్రం ఎంతసేపైనా తిరుగుతోందట. అది వయసుతో వెన్ను కాలువ ఇరుకై వచ్చేది. నీదానిలా ఆరు వారాలు ఆగితే దానంతటది కరిగిపోయే రకం కాదు. కాలి రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే ఇలాగే పిక్కలు పట్టేస్తాయి, కాబట్టి డాక్టరు పాదం దగ్గర నాడి కూడా పట్టి చూడాలి. నీకు రాసిన నొప్పి బిళ్ళలు ఆవిడకి ఇవ్వకు, బీపీ మనిషి. నీ కాలు కాస్త కుదుటపడగానే ఓపీ ఉన్న రోజు చూసి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు. "నాకేం లేదు, వాడికి చూపించండి" అంటుంది, వినకు.